క్లెస్సీ కమిన్స్ : వాలుదారిలో నేర్చిన పాఠము

మన నరసన్నపేట ప్రక్కగా పోవు జాతీయ రహదారిమీద రేయింబవళ్లు లారీలు సాగుచుండును. ఒడిశా కొండలనుండి సుంకి ఘాటుమీదుగా సాలూరునకు దిగివచ్చు లారీలును మన ప్రాంతమువారికి క్రొత్తవి కావు. నిండు బరువుతో అట్టి వాలు దిగుట ప్రాణసంకటమైన పని. ఆ సంకటమును తగ్గించిన మహనీయులలో నొకడగు క్లెస్సీ లైల్ కమిన్స్ చరిత్రమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

ఆయన 1888వ సంవత్సరమున అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. ఎనిమిదవ తరగతితో బడి చదువు ముగిసెను గాని యంత్రములయం దాసక్తి ముగియలేదు. కొలంబస్ పట్టణమున విలియం ఇర్విన్ అను బ్యాంకు యజమానియొద్ద కారు నడుపువాడుగా కుదిరి, పిమ్మట ఆయన ధనసహాయముతోనే 1919లో ఇంజను కర్మాగారమును స్థాపించెను. బహుకాలము లాభము కనబడకున్నను పట్టు విడువలేదు.

1931లో తన డీజిల్ ఇంజను సామర్థ్యమును లోకమునకు చూపుటకై ఇద్దరు సహచరులతో న్యూయార్కునుండి లాస్ ఏంజెల్సునకు లారీలో పయనమయ్యెను. కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుచుండగా బ్రేకులు వేడెక్కి పట్టు సడలెను. లారీ వేగము హెచ్చెను. దిగువ రైలుపట్టాలమీద గూడ్సుబండి పోవుచుండెను. దాని కడపటి పెట్టె తొలగినంతనే లారీ పట్టాలు దాటెను. దైవకృపచే మువ్వురును బ్రదికిరి.

ఆ భయమును కమిన్స్ మరువలేదు. డీజిల్ ఇంజనులో పిస్టను గాలిని అదుముటకు బండి వేగములో కొంత ఖర్చగును. కాని అదుమబడిన గాలి స్ప్రింగువలె పిస్టనును మరల క్రిందికి త్రోయుటచే బండికి నిరోధము స్వల్పమే. ఆ గాలి త్రోయుటకు ముందే ఎగ్జాస్టు వాల్వు తెరచి వెలికి విడిచినచో, బండిని నడుపు ఇంజనే బండిని ఆపు సాధనమగును. ఈ తలంపు పనిముట్టుగా రూపొందుటకు పాతికేండ్లకు పైగా పట్టెను. 1961లో జేకబ్స్ సంస్థ దానిని విపణికి తెచ్చెను. టర్బోచార్జరు ఇంజనులోనికి అధికముగా గాలి నింపుటచే ఈ నిరోధమింకను పెరుగును.

మన లారీలలోను బస్సులలోను ఎక్కువగా కనబడు ఎగ్జాస్టు బ్రేకు దీనికి దగ్గరి చుట్టమే గాని కమిన్స్ కల్పన గాదు. అందు పొగగొట్టములోని మూత మూసికొనుటచే గాలి వెలికి పోజాలక పిస్టనును అడ్డగించును. ఏ విధానమైనను చక్రముల బ్రేకులు చల్లగానుండి, నిజమైన ఆపదవేళ పనికివచ్చును.

కమిన్స్ 1968లో దివంగతుడయ్యెను. తాను తప్పించుకొన్న ఆపద పరులకు రాకుండవలెనని వార్ధక్యమునందును శ్రమించిన వాడాయన. మా బాలుర తండ్రులలో లారీ నడుపువారు గలరు. డీజిల్ ఆదా యగునని ఘాటులో గేరు తీసి న్యూట్రల్‌లో దిగువారికి ఈ సాధనము లేవియు తోడ్పడజాలవు. బాలురారా, ఈ సంగతి నేటి రాత్రియే ఇంట చెప్పుడు.