కట్టమంచి రామలింగారెడ్డి

చిత్తూరు పట్టణమునకు చేరువలో కట్టమంచి యను గ్రామము కలదు. ఆ గ్రామము పేరే ఇంటిపేరుగా గలిగి, దానిని ఆంధ్రదేశమంతటను ప్రసిద్ధము గావించిన విద్యావేత్త కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జన్మించెను. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి, తల్లి నారాయణమ్మ. నాటికి చిత్తూరు జిల్లా ఇంకను ఏర్పడలేదు. అది 1911లో ఏర్పడినది. అంతకు మున్ను ఆ ప్రాంతము మద్రాసు రాజధానిలోని ఉత్తరార్కాటు జిల్లాలో చేరియుండెను. తెలుగు, తమిళము ఇరుగుపొరుగు భాషలై మెలగుచుండిన ఆ సీమలో రామలింగారెడ్డి బాల్యము గడచెను.

చిత్తూరులో ఉన్నత పాఠశాల చదువు ముగించి ఆయన మద్రాసు చేరి క్రైస్తవ కళాశాలలో ప్రవేశించెను. ఆ కళాశాల అప్పుడు తాంబరమున గాక నగరము నడుమ, హైకోర్టునకు సమీపమున ఉండెడిది. విలియం మిల్లరు దాని అధ్యక్షుడు. అచ్చట చరిత్ర, తత్త్వశాస్త్రములు రామలింగారెడ్డి మనస్సును మిక్కిలి ఆకర్షించెను. ఆంగ్లవిద్యలో ఆరితేరిన యువకులు పలువురు మాతృభాషను చిన్నచూపు చూచుచుండిన కాలమది. రామలింగారెడ్డి అట్లు చేయలేదు. ఆంగ్లమున ఎంత ప్రజ్ఞ గడించెనో తెలుగునందును అంత అభిరుచి పెంచుకొనెను.

1899లో కళాశాలలోని తెలుగు విద్యార్థుల సంఘమువారు పద్యకావ్య రచనకు పోటీ పెట్టిరి. రామలింగారెడ్డి అందులకై ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించెను. అప్పటికి ఆయనకు ఇరువది యేండ్లు నిండలేదు. అనంతపురము ప్రాంతమున బుక్కరాయసముద్రము చెరువును గూర్చి ప్రజలు చెప్పుకొను కథ దానికి ఆధారము. చెరువుకట్ట తెగనున్నప్పుడు ఊరిని కాపాడుటకై బసిరెడ్డి చిన్న కోడలగు ముసలమ్మ తన ప్రాణమును అర్పించుట అందలి వృత్తాంతము. కావ్యములకు రాజులును రాణులును నాయకులుగా నుండుట ఆచారమైన కాలమున ఒక పల్లెపడుచు నాయికయయ్యెను. ఊరి మేలునకై సొంత సుఖమును విడుచుటయే కథకు ప్రాణమయ్యెను. పిదప వర్ధిల్లిన ఖండకావ్యములకు ఈ కావ్యము త్రోవ చూపినదని విమర్శకులు చెప్పుదురు. పండ్రెండు సర్గలు లేకయే, పురాణకథ లేకయే, గొప్ప కావ్యము పుట్టవచ్చునని ఒక విద్యార్థి నిరూపించెను.

పట్టభద్రుడైన పిమ్మట రామలింగారెడ్డికి భారత ప్రభుత్వపు విద్యార్థివేతనము లభించెను. ఆ కాలమున సముద్రము దాటి పోవుట తేలికైన పని కాదు. ఓడలో వారములకొలది ప్రయాణము చేయవలెను. సముద్రయానము కూడదని వాదించు పెద్దలును గ్రామములలో ఇంకను కలరు. పరదేశమున చలి వేరు, భోజనము వేరు, మర్యాదలు వేరు. ఇవి యన్నియు నెరిగియు ఆయన 1902లో ఇంగ్లండునకు వెడలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున సెయింట్ జాన్స్ కళాశాలలో చేరెను.

కేంబ్రిడ్జిలో ఆనర్సు పరీక్షను ట్రైపాసు అందురు. రామలింగారెడ్డి చరిత్రయందు ట్రైపాసు పరీక్షకు చదివెను. అచ్చట తారీకులు, రాజుల పేర్లు కంఠస్థము చేసినంత మాత్రమున చరిత్ర వచ్చినట్లు కాదు. ఒక రాజ్యము ఏల వృద్ధి పొందెను, ఏల క్షీణించెను, ప్రజలు తమ హక్కులను ఎట్లు సంపాదించుకొనిరి అను ప్రశ్నలకు ఆధారములతో సమాధానము చెప్పవలెను. గురువు చెప్పినదానిని తిరిగి యప్పగించుటకంటె దానిని పరీక్షించి చూచుటకు అచ్చట విలువ యెక్కువ. ఈ పద్ధతి రామలింగారెడ్డి స్వభావమునకు సరిపడెను. ఆయన ఆ పరీక్షయందు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

అయినను ఆయన కీర్తి పరీక్షాఫలితములతో ఆగిపోలేదు. కేంబ్రిడ్జిలో 1815లో స్థాపింపబడిన విద్యార్థుల చర్చాసంఘమొకటి కలదు. దానిని యూనియన్ సొసైటీ అందురు. ఒక తీర్మానమును సభ ముందుంచి, కొందరు దానిని సమర్థించుచు, కొందరు ఖండించుచు ప్రసంగింతురు. తుదకు సభ్యులు తమ మతము తెలుపగా లెక్కించి జయాపజయములు నిర్ణయింతురు. పార్లమెంటు సభ యెట్లో ఈ సభయు నట్లే నడచును. ఇందు మాటనేర్పు గడించినవారు పెక్కురు పిదప ఇంగ్లండు రాజకీయములలో పెద్ద పదవుల నందిరి. అర్థశాస్త్రమున లోకప్రసిద్ధుడైన జాన్ మేనార్డ్ కీన్సు 1905లో ఈ సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను.

అట్టి సభలో పాలితదేశమునుండి వచ్చిన యువకుడు లేచి నిలిచి పాలకుల బిడ్డల ముందు వారి భాషలోనే వాదించుట సామాన్యము కాదు. మాటలో తడబాటు కలిగినచో నవ్వుదురు. కోపము వచ్చినచో వాదము చెడును. సభ తన వంక తిరుగవలెనన్న విషయము తెలియవలెను, సమయస్ఫూర్తి కావలెను, హాస్యము కావలెను, ఎదుటివాని పట్ల మర్యాదయు కావలెను. రామలింగారెడ్డి ఈ గుణములను అభ్యాసముచే అలవరచుకొనెను. సంఘపు పదవులు సభ్యుల ఎన్నికచే లభించునవి. ఎవరి సిఫారసుచేతను వచ్చునవి కావు. ఆ సభ్యులే ఆయనను తమ యూనియనునకు ఉపాధ్యక్షుడుగా ఎన్నుకొనిరి. భారతీయులలో ఆ పదవి నందిన మొదటివాడు ఆయనయే. స్వేచ్ఛగా చర్చించి, ఓటమిని చిరునవ్వుతో సహించి, మరల వాదమునకు దిగు ఆ అలవాటు ఆయనను జీవితాంతము విడువలేదు.

చదువు ముగిసిన పిదప రామలింగారెడ్డి స్వదేశమునకు మరలి వచ్చి విద్యారంగమునే తన కార్యక్షేత్రముగా ఎన్నుకొనెను. తాను పరదేశమున పొందిన విద్యవంటి విద్య తన దేశపు బిడ్డలకు తమ ఊళ్లకు చేరువలోనే లభింపవలెననునది ఆయన ఆశయము. కొంతకాలము బరోడాలో పనిచేసి, తరువాత మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడుగా చేరెను. అమెరికా మొదలగు దేశములు తిరిగి అచ్చటి విద్యావిధానములను స్వయముగా పరిశీలించెను. మైసూరు సంస్థానమున 1916లో విశ్వవిద్యాలయము వెలసినది. ఒక సంస్థానమున స్వదేశీయులచే విశ్వవిద్యాలయము రూపొందుటను ఆయన దగ్గరనుండి చూచెను.

అనంతరము ఆ సంస్థానమున విద్యాశాఖకే ఆయన ప్రధానాధికారి యయ్యెను. అంటరానివారని సంఘము దూరముగా నుంచిన కులముల బిడ్డలకును పాఠశాలలలో ప్రవేశము ఉండవలెనని ఆయన గట్టిగా పట్టుబట్టెను. ఆచారమునకు విరుద్ధమని అలిగినవారు లేకపోలేదు. బిడ్డల చదువునకు అడ్డువచ్చు ఆచారము నిలువదగినది కాదని ఆయన నిశ్చయము.

ఉద్యోగభారము ఎంత యున్నను తెలుగును ఆయన మరువలేదు. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ అను విమర్శనగ్రంథమును ప్రకటించెను. పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము, ప్రభావతీ ప్రద్యుమ్నము అందు పరీక్షకు వచ్చినవి. ప్రాచీనకవులను పొగడుటయే విమర్శ అని తలచువారికి ఆ గ్రంథము ఆశ్చర్యము గొలిపెను. మెచ్చదగినది మెచ్చి, తప్పు తోచినచోట నిర్భయముగా తప్పు చూపుట అందలి పద్ధతి. దానిని గూర్చి పండితులలో వాదోపవాదములు చెలరేగెను. కేంబ్రిడ్జి చర్చాసభలో నేర్చిన స్వేచ్ఛయే ఇచ్చట తెలుగు సాహిత్యమునకు ఉపకరించినదని చెప్పవచ్చును. అర్థశాస్త్రమును గూర్చియు ఆయన తెలుగున గ్రంథము వ్రాసి, క్రొత్తశాస్త్రములను చెప్పుటకు తెలుగు చాలునని చూపెను.

1921లో మైసూరు కొలువు విడిచి ఆయన రాజకీయములలో ప్రవేశించెను. మద్రాసు శాసనసభలో సభ్యుడై, 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించెను. ఆ తీర్మానము 44 ఓట్లకు 65 ఓట్లతో వీగిపోయెను. ఓడిపోయినను, మంత్రులు సభకు జవాబుదారులను సూత్రము ఆనాడు ఆ సభలో నలుగురి చెవులను పడెను.

ఆంధ్రులకు ప్రత్యేకముగా విశ్వవిద్యాలయము కావలెనను కోరిక చిరకాలమునుండి యుండెను. అది 1926లో ఫలించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షుడుగా, అనగా వైస్ ఛాన్సలరుగా, రామలింగారెడ్డి నియమితుడయ్యెను. అప్పటికి దానికి పేరు తప్ప సొంత భవనము లేదు. మొదట కార్యాలయము బెజవాడలో ఉండెను. ఏ పట్టణమున దానిని స్థిరపరుపవలెనను వివాదము పుట్టి, ప్రతి ప్రాంతమువారును తమకే కావలెనని కోరిరి. తుదకు విశాఖపట్టణపు సముద్రతీరమునగల వాల్తేరు నిర్ణయమయ్యెను. నాలుగేండ్లు శ్రమించి, ఆచార్యులను, ధనమును, స్థలమును సమకూర్చుటకు ఆయన పాటుపడెను. కేంబ్రిడ్జిలో చదువుకొన్న నాటి కల కన్నులయెదుట ఆకారము దాల్చుచుండెను.

ఇంతలో 1930వ సంవత్సరము వచ్చెను. గాంధీమహాత్ముడు దండికి నడచి ఉప్పు సత్యాగ్రహమును ప్రారంభించెను. ఆంధ్రతీరమున ఊరూర ప్రజలు ఉప్పు వండిరి. ప్రభుత్వము వారిని లాఠీలతో కొట్టించి కారాగారములకు పంపెను. రామలింగారెడ్డి ముందు కఠినమైన సమస్య నిలిచెను. పదవిలో నున్నచో తాను నాటిన విశ్వవిద్యాలయమును తన చేతులతో పెంచవచ్చును. అందులకు ఈ దమనకాండను చూచియు మిన్నకుండవలెను. పదవి విడిచినచో, భవనములైనను పూర్తిగాని ఆ సంస్థ పరుల చేతికి పోవును. తన యేండ్ల శ్రమ ఏమగునో చెప్పజాలము. విద్యార్థులకు స్వాతంత్ర్యమును గూర్చి బోధించువాడు అది అణచబడునప్పుడు ఊరకుండినచో ఆ బోధకు విలువ యేమి? ఆయన ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో తన పదవికి రాజీనామా చేసెను.

ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో ఆ పదవి స్వీకరించి విశ్వవిద్యాలయమును అభివృద్ధి చేసెను. నాటిన చెట్టు ఎండిపోలేదు. మరియొక సమర్థుని చేతిలో పెరిగెను. 1936లో రామలింగారెడ్డి మరల ఉపాధ్యక్షుడై 1949 వరకు పదుమూడేండ్లు ఆ భారము వహించెను. సాహిత్యముతోపాటు శాస్త్ర, సాంకేతిక విద్యలకును విశ్వవిద్యాలయమున స్థానముండవలెనని ఆయన మతము. శాస్త్ర సాంకేతిక కళాశాలకు జయపురాధీశుడు విక్రమదేవవర్మ ఇచ్చిన విరాళము ఆధారమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలవలసి వచ్చినను చదువులు ఆగలేదు. 1942లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము నిచ్చెను.

రామలింగారెడ్డి వివాహము చేసికొనలేదు. చదువు, చర్చ, విద్యాసంస్థల నిర్మాణము ఇవియే ఆయన సంసారము. 1951 ఫిబ్రవరి 24వ తేదీన ఆయన పరమపదించెను.

విదేశములకు పోయి పట్టములు తెచ్చుకొన్నవారు ఎందరో కలరు. తెచ్చుకొన్న విద్యను తమ సుఖమునకే వినియోగించుకొన్నవారు మరుగున పడుదురు. రామలింగారెడ్డి కేంబ్రిడ్జినుండి పట్టముతోపాటు నిర్భయముగా ఆలోచించు అలవాటును తెచ్చి, దానిని తెలుగు సాహిత్యమునకు, తెలుగు బాలురకు పంచిపెట్టెను. చెరువుకట్ట నిలుచుటకై తన్ను తాను అర్పించుకొన్న ముసలమ్మ కథను పంతొమ్మిదియేండ్ల వయస్సున వ్రాసిన విద్యార్థి, ఏబదియేండ్ల వయస్సున ధర్మము నిలుచుటకై తన పదవిని విడిచెను. వ్రాసిన మాటకును నడచిన నడతకును భేదము లేకుండుటయే ఆయన జీవితమున విద్యార్థులు గ్రహింపదగిన ముఖ్యాంశము.