భాగ్యరెడ్డివర్మ బుద్ధుడు, హైటెక్ సిటీ ధ్యానం

హైటెక్ సిటీ కార్యాలయాల్లో ధ్యానం నేడు ఒక ఉద్యోగ సదుపాయం. పని ఒత్తిడితో అలసిన ఇంజనీర్లకు పది నిమిషాలు శ్వాసను గమనించడం నేర్పుతున్నారు. మేలే. అయితే నా వద్ద చదువుకొని అక్కడ ఉద్యోగాల్లో చేరిన దళిత విద్యార్థులు కొందరు ఒక ప్రశ్న అడుగుతుంటారు. ఊపిరిపై నిలిచిన మనసు, పక్కవాడు ఇంటిపేరు అడగగానే ఎందుకు చెదిరిపోతుందని. ఇదే నగరంలో శతాబ్దం కిందట బుద్ధుణ్ని ఆహ్వానించిన ఒక మనిషి జీవితం చదవమని వారికి చెబుతాను.

మాదరి భాగయ్య 1888 మే 22న హైదరాబాద్‌లో మాల కుటుంబంలో జన్మించారు. ఈ నేల తొలి పాలకులు అంటరానివారిగా ముద్రపడిన వారేనన్న భావనతో కుటుంబ గురువు ఆయనను భాగ్యరెడ్డిగా మార్చారు. ఆ తర్వాత ఆర్యసమాజం వర్మ బిరుదునిచ్చింది. పై కులాలు తమ సొత్తనుకున్న రెండు పేర్లనూ ఆయన బహిరంగంగా ధరించారు.

1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలతో, భజనలతో వాడల్లోకి వెళ్లారు. 1911లో అది మాన్య సంఘమైంది. ఉర్దూ పాలనా భాషగా ఉన్న రాజ్యంలో అంటరాని పిల్లల కోసం 1910లో ఆయన మొదలుపెట్టిన తెలుగు పాఠశాలలు క్రమంగా 26కు చేరాయి. జోగిని ఆచారం, బాల్యవివాహాలు, జంతుబలి, మద్యపానాలకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. 1917 నవంబరులో బెజవాడ పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించారు. పంచములన్న పేరును తిరస్కరించిన ఆ సభ ఆది ఆంధ్ర సభగా మారింది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులన్న పేరు నమోదు కావడం వెనుకా ఆయన కృషి ఉంది.

ఈ పనుల నడుమనే, 1913లో, ఆయన హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపారు. నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధ దీక్షకు అది 43 ఏళ్ల ముందుమాట. ఆ దీక్షను చూడకుండానే 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు.

మద్యం, బలి మానమనడం అగ్రకుల అనుకరణేనన్న విమర్శ ఉంది. ఆర్యసమాజ ప్రభావం కాదనలేనిది. అయినా నేను ఆ కృషిని మరోలా చదువుతాను. బౌద్ధ మార్గానికి ఒక వరుస ఉంది: శీలం, సమాధి, ప్రజ్ఞ. హింస మానడం, మత్తు మానడం పంచశీలాల్లోనివే. అష్టాంగ మార్గంలోనూ సమ్యక్ ఆజీవం ధ్యానానికి ముందే వస్తుంది. ఒక ఇల్లు కల్లు దుకాణపు అప్పు నుంచి బయటపడటం, కూతురిని జోగినిని చేయకుండా బడికి పంపడం విముక్తికి తొలి మెట్లే. భాగ్యరెడ్డివర్మ ఆ మెట్లు కట్టారు.

పాళీ గ్రంథమైన ఉదానంలో బుద్ధుడు తన ధర్మాన్ని ఎనిమిది విధాలుగా సముద్రంతో పోల్చాడు. తీరం నుంచి సముద్రం ఒక్కసారిగా లోతెక్కదు, సాధనా అంతే. అదే ఉపదేశంలో మరో పోలిక ఉంది. సముద్రంలో కలిసిన నదులు పేర్లు వదులుకున్నట్టే, సంఘంలో చేరిన నాలుగు వర్ణాలవారూ తమ పాత పేర్లు వదులుకుంటారు. ఒక్క ఉపదేశంలోని ఈ రెంటిలో మనం సాధనను మాత్రం తెచ్చుకొని, కులం కరగడాన్ని గుమ్మం బయటే వదిలేశాం.

పేరు కరగడం వేరు, దాచుకోవడం వేరు. భయంతో దాచిన పేరు లోపల గడ్డకట్టే ఉంటుంది. అంటగట్టిన పేరును తోసివేసి, తాను ఎంచుకున్న పేరుతో వర్మ నిటారుగా నిలబడ్డారు. అలా నిలబడిన మనిషే ఏదో ఒకనాడు ఆ పేరునూ వదులుకోగలడు. పైగా కరగవలసింది దళితుడి పేరొక్కటే కాదు. పక్కన కళ్లు మూసుకొని కూర్చున్న అగ్రకుల సహోద్యోగి పేరు కూడా.

ధ్యానం భయాన్ని సూటిగా చూడటం నేర్పగలదు. భయం పుట్టించే ప్రశ్నను ఆపవలసింది మాత్రం సంస్థే. తెలుగు ఇంజనీర్లు ఎందరో పనిచేసే సియాటిల్ నగరం 2023లో కులాన్ని వివక్ష నిషేధ చట్టంలో చేర్చింది. ధ్యాన తరగతులు నడిపే సైబరాబాద్ సంస్థలు కుల వివక్షపై ఫిర్యాదులు వినే కమిటీలను కూడా నియమించాలి. విద్యార్థి సంఘాలు ఈ డిమాండును ప్రాంగణ నియామకాల దగ్గరే లేవనెత్తాలి.