జంగమ వాఙ్మయమును చదివిన ఆంగ్లేయుడు – సి.పి. బ్రౌను

పరభాషను నేర్చుట యనగా అక్షరములను, విభక్తులను వల్లించుట మాత్రమే కాదు. ఎవరితో ఎట్లు మాటాడవలెనో, ఏ మాట ఎచ్చట గౌరవమో, ఎచ్చట అవమానమో ఎరుగుటయే ఆ విద్యకు ప్రాణము. ఇందుకు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను జీవితము చక్కని నిదర్శనము.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. బాల్యముననే బ్రౌనునకు ఆంగ్లముతోపాటు హిందుస్తానీయు, తండ్రి శిక్షణలో కొన్ని ప్రాచీన భాషలును అలవడెను. ఆంగ్లమున ఎదుటివాడు సేవకుడైనను ప్రభువైనను 'యూ' అను ఒక్క మాటయే చాలును. హిందుస్తానీలోనో తూ, తుమ్, ఆప్ అని మూడంతరములు గలవు. ఈ రెండు తీరులకును అలవడిన చెవికి తెలుగులోని నీవు, మీరు, తాము అను భేదము వింతగా తోచదు. అయితే ఒక భాషలోని మర్యాదను మరియొక దానిలో యథాతథముగా ఉంచరాదు. ఆ భాషను పలుకువారి నోటనే దానిని వినవలెను.

1817లో బ్రౌను మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చెను. 1820లో కడపకు, 1822లో మచిలీపట్నమునకు, 1825లో రాజమహేంద్రవరమునకు ఉద్యోగరీత్యా వెళ్లెను. గోదావరీ తీరమున ఆయన నివసించినది స్వల్పకాలమే. 1826లో మరల కడప చేరెను. కచేరీలో వినవచ్చు తెలుగు వేరు, పండితుల తెలుగు వేరు. మొదటి దానిలో ఫిర్యాదు, జమాబందీ వంటి అన్యదేశ్యములు మెండు. హిందుస్తానీ ఎరిగిన బ్రౌను వానిని త్రోసివేయక, తరువాతి కాలమున మిశ్రభాషా నిఘంటువుగా కూర్చెను. తెలుగు–ఆంగ్ల నిఘంటువుతోపాటు, నుడికారమును అభ్యసించుటకై 'వాక్యావళి'ని సైతము 1852లో వెలువరించెను.

ఈ వినికిడియే ఆయనను వీరశైవ వాఙ్మయము కడకు నడిపెను. పండితులు పలువురు చిన్నచూపు చూచిన ద్విపద కావ్యములను ఆయన ఆదరముతో చదివెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును పరిశీలించి, జంగముల మతాచారములను, సాహిత్యమును గూర్చి 1840లో మద్రాసు పత్రికయందు ఆంగ్ల వ్యాసము ప్రకటించెను. అందలి అభిప్రాయములన్నియు అంగీకార్యములు కాకపోవచ్చును. కాని అధికారమున నున్న పరదేశీయుడు ఒక సమాజమును దాని గ్రంథముల ద్వారా తెలిసికొనగోరుట సామాన్య విషయము కాదు. శరణుని లింగైక్యమును చావు అనుట, జంగమదేవరను బిచ్చగాడనుట వ్యాకరణ దోషములు కావు. అవి హృదయమును నొప్పించు దోషములు. నిఘంటువు మాత్రము చూచువానికి ఆ భేదము అందదు.

బ్రౌను 1884 డిసెంబరు 12న లండనులో మరణించెను.

నేడు ఇంట తెలుగును, బడిలో ఆంగ్లమును పలుకు మన బిడ్డలు బసవేశ్వరుని వచనముల కొరకు కన్నడము నేర్చుట కష్టము కాదు. రెండు భాషల మర్యాద నెరిగినవారికి మూడవ దాని వాకిలి సులభముగా తెరచుకొనును. కాని అర్థముతోపాటు, శరణులు ఎవరిని ఎట్లు సంబోధించిరో కూడ పెద్దలు వారికి తెలుపవలెను. మాటయందలి వినయము నడతయందు కనిపించినప్పుడే ఆ చదువు బసవ మార్గమగును.