పది రూపాయలకు అమ్ముడైన పసిపిల్ల

జబ్బుపడిన ఆడపిల్లను మాతమ్మకు మొక్కి, తాళి కట్టి, దేవతకు వదిలేసే ఆచారం పుత్తూరు, నాగలాపురం ప్రాంతాల దళితవాడల్లో ఉందని తిరుపతిలో చదువుకునే రోజుల్లో మొదటిసారి విన్నాను. అది మూఢభక్తి అనుకున్నాను. మూవలూరు రామామృతం అమ్మయార్ జీవితం తెలిశాక నా అభిప్రాయం మారింది.

ఆమె 1883లో తమిళదేశంలో దేవదాసీ సంప్రదాయం ఉన్న కుటుంబంలో జన్మించారు. పేదరికం భరించలేక తండ్రి మద్రాసుకు వెళ్లిపోయాడు. తల్లి పది రూపాయలకూ, ఒక పాత చీరకూ బిడ్డను ఒక దేవదాసికి అమ్మేసింది. పెరిగాక ఒక వృద్ధునికి అప్పగించబోతే ఆమె ఎదురుతిరిగి, తన సంగీత గురువు సుయంబు పిళ్లైని పెళ్లాడారు. కాంగ్రెస్‌లో చేరారు, తర్వాత పెరియార్ వెంట ఆత్మగౌరవోద్యమంలోకి నడిచారు. ముత్తులక్ష్మి రెడ్డి తెచ్చిన దేవదాసీ నిషేధ బిల్లును సమర్థిస్తూ ప్రచారం చేశారు. 1936లో దాసీ వ్యవస్థ లోగుట్టును నవలగా రాశారు. హిందీ వ్యతిరేకోద్యమంలో జైలుకు వెళ్లారు. 1962లో కన్నుమూశారు.

దేవుని పేరిట జరిగేది పిల్లల క్రయవిక్రయమేనని ఆమె బతుకే సాక్ష్యం చెప్పింది. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణను నిషేధించింది. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే. 1988లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేసింది. అయినా మాతమ్మ ఆచారం మిగిలింది. ఎందుకు?

గుడి దాసీలలో కొందరికైనా ఈనాం భూమి, సంగీత విద్య ఉండేవి. మాదిగ, అరుంధతీయ కుటుంబాల్లో పుట్టిన మాతమ్మకు అవేవీ లేవు. పగలు ఆమెను వాడకే పరిమితం చేసిన ఊరు, రాత్రి ఆమె గుడిసె తలుపు తట్టడానికి అంటు చూడలేదు. ఆమె బిడ్డను బడిలో చేర్చేటప్పుడు మాత్రం తండ్రి పేరు అడుగుతుంది. చట్టం తాళి కట్టిన చేతిని చూసింది. ఆ చేతిని అక్కడికి నెట్టిన కులాన్నీ, భూమిలేనితనాన్నీ చూడలేదు.

ప్రభుత్వ బడిలో చదివి కళాశాలలో చేరిన అమ్మాయిలకు తమిళనాడు 2022 నుంచి రామామృతం అమ్మయార్ పేరిట నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. ఒకనాడు పది రూపాయలకు అమ్ముడైన పిల్ల పేరు అది. ఆ సరిహద్దుకు ఇవతల మాతమ్మల బిడ్డలున్నారు. తండ్రి పేరు అడగని బడి, తల్లి పేరిట సాగుభూమి వారికి దక్కేదాకా మన చట్టం కాగితంగానే ఉంటుంది.