అప్రియవాది ఆలన్ బెర్గు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు, మహనీయుల చరిత్రములు మన బీరువాలలో కొదవ లేక యున్నవి గదా, క్రొత్తగా నేనేమి వ్రాయుదునని కొన్ని దినములు ఆలోచించితిని. తుదకు నేనెన్నుకొన్నవాడు రాజు కాడు, కవి కాడు, దేశోద్ధారకుడును కాడు. ఆతడు మహనీయుడా యని యడిగినచో అవునని చెప్పుటకు నాకే సందేహము కలదు. అమెరికా దేశమున కొలరాడో రాష్ట్రమునకు రాజధానియగు డెన్వరు నగరమునందు రేడియోలో మాటలాడుటయే వృత్తిగా జీవించి, ఆ మాటల కారణముననే హతుడైన ఆలన్ బెర్గు చరిత్రమిది.

ఇంపైన మాటలు పలుకువారు ఎల్లెడల దొరకుదురనియు, అప్రియమైనను హితమైన మాట చెప్పువాడును, దానిని చెవినిడువాడును అరుదనియు విదురుడు ధృతరాష్ట్రునకు బోధించెను. బెర్గు చెప్పినదంతయు హితమని నేననను. కాని అప్రియమైన మాట నాడినవాని కథయు, దానిని సైపలేనివారి కథయు రెండును ఇందు కలవు. మాటలకు నిలయమైన గ్రంథాలయమునకు వచ్చువారు ఇట్టి కథను తెలిసికొనుట మేలని తలచి వ్రాయుచున్నాను.

ఆలన్ బెర్గు 1934వ సంవత్సరము జనవరి 18వ తేదీన షికాగో నగరమున ఒక యూదుల కుటుంబమునందు జన్మించెను. కొంతకాలము కొలరాడోలో చదివి, పిమ్మట షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమభ్యసించి, 22 ఏండ్ల ప్రాయముననే ఇల్లినాయ్ రాష్ట్రపు న్యాయవాద పరీక్షయందు కృతార్థుడయ్యెను. ఆ పరీక్షలో నెగ్గిన అతి పిన్నవయస్కులలో ఆతడొకడు. షికాగోలో న్యాయవాదిగా పనిచేయుచు పైకి వచ్చుచున్న సమయమున ఆతనిని రెండు ఆపదలు చుట్టుముట్టెను. ఒకటి మూర్ఛరోగము, రెండవది మద్యపానము. మొదటిది దైవము తెచ్చినది, రెండవది తాను తెచ్చుకొన్నది. రెండును కలిసి ఆతని వృత్తిని మ్రింగివేసెను.

భార్య ప్రోద్బలమున షికాగోను విడిచి డెన్వరు నగరమునకు చేరి, చికిత్స పొంది, త్రాగుడు మానెను. త్రాగుడు మానినను మూర్ఛలు మానలేదు. వానికి మూలము మెదడులో పెరిగిన కంతి యని 1976లో వైద్యులు కనుగొని శస్త్రచికిత్స చేసి దానిని తొలగించిరి. ఆ గాయపు మచ్చలు కనబడకుండుటకై ఆతడు జుట్టును పెంచుకొని, జీవితాంతము అట్లే యుంచుకొనెను. సన్నని దేహము, గడ్డము, నుదుటిపై పడు జుట్టు, చేతిలో సిగరెట్టు, ఇవి డెన్వరు ప్రజలు గుర్తెఱిగిన బెర్గు ఆనవాళ్లు.

డెన్వరులో ఆతడు మరల న్యాయవాది కాలేదు. న్యాయస్థానమున వాదించిన నోటితో చెప్పుల దుకాణమున బేరములు చేసెను. పిమ్మట సొంతముగా బట్టల దుకాణము పెట్టెను. ఆ దుకాణమునకు వచ్చుచుండిన ఒక రేడియో వ్యాఖ్యాత, ఈ వర్తకుని వాక్చాతుర్యమునకు ముచ్చటపడి, తన కార్యక్రమమునకు అతిథిగా కొన్నిమారులు పిలిచెను. ఆ వ్యాఖ్యాత వేరొక నగరమునకు తరలిపోవునప్పుడు తన స్థానమును బెర్గున కిమ్మని యజమానులను కోరెను. ఇట్లు నలుబది యేండ్లు దాటిన పిమ్మట బెర్గునకు తన నిజమైన వృత్తి దొరకెను.

ఆ వృత్తి యెట్టిదో కొంత వివరించవలెను. రేడియో యనగా మనకు వార్తలు, పాటలు, నాటికలు, వ్యవసాయదారుల కార్యక్రమము స్ఫురించును. అమెరికాలో రేడియో కేంద్రములు పెక్కు ప్రైవేటు వర్తకుల చేతిలోనివి. 1970 దశకమున ఎఫ్.ఎం. తరంగములపై సంగీతము మిక్కిలి స్వచ్ఛముగా వినబడసాగుటచే, పాటలు వినువారు అటు మరలిరి. పాత పద్ధతి కేంద్రములు శ్రోతలను నిలుపుకొనుటకై మాటలను ఆశ్రయించినవి. వ్యాఖ్యాత యొకడు యంత్రము ముందు కూర్చుండి ఒక విషయమెత్తును. దానిపై తోచినది చెప్పదలచినవారు ఇంటినుండి టెలిఫోను చేయుదురు. లోపల నొక సహాయకుడు ఆ ఫోను నందుకొని, మాటలాడువాడెవరో, ఏ విషయమో తెలిసికొని వరుసలో నిలుపును. వారి సంభాషణ ఊరందఱకు వినబడును. ఎవడైన బూతు పలికినచో తుడిచివేయుటకు వీలుగా మాట కొన్ని సెకండ్లు ఆలస్యముగా ప్రసారమగునట్లు ఏర్పాటు చేయుదురు. పిలిచినవారితో కలహించుటయే కళగా చేసికొన్నవారు బెర్గునకు ముందును లేకపోలేదు. 1970లో మరణించిన జో పైన్ అను వ్యాఖ్యాత ఆ మార్గమున మిక్కిలి పేరుపొందెను.

మన అష్టావధానములను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. అవధాని చుట్టును పృచ్ఛకులు కూర్చుందురు. అందులో అప్రస్తుత ప్రసంగము చేయువాడు అవధాని ఏకాగ్రతను చెడగొట్టుటకై కొంటె ప్రశ్నలు వేయును; అవధాని చమత్కారముగా బదులు చెప్పి ఆతని నోరు మూయించును. సభ నవ్వును. పృచ్ఛకుడును నవ్వును. సభ ముగిసిన పిమ్మట ఇద్దరును ఒకే పంక్తిని భోజనము చేయుదురు. బెర్గు సభలో పృచ్ఛకులు కంటికి కనబడరు, పూర్ణమైన పేరు చెప్పరు, పంక్తిభోజనము లేదు. ముఖము చూడక చేయు కలహమునకు మొగమాటము అడ్డురాదు.

బెర్గు గొంతు శ్రావ్యమైనది కాదు. మాట వడి యెక్కువ. జాతి వివక్ష, మతము, స్త్రీ పురుష సంబంధములు, రాజకీయములు, పెద్దలు నలుగురిలో ఎత్తుటకు జంకు విషయములనే ఆతడు ఎత్తెడివాడు. ఫోను చేసినవాడు తడబడినచో తఱుముకొని పోవును. మూఢముగా మాటలాడినచో వెక్కిరించును. విసుగు పుట్టినచో చటుక్కున ఫోను పెట్టివేయును. నల్లవారిని, యూదులను ద్వేషించువారు పిలిచినప్పుడు మాత్రము ఆతని నాలుక కత్తివలె ఆడును. వారి వాదమును వారి నోటనే బయటికి లాగి, అందలి డొల్లతనమును ఊరందఱ ముందు చూపును.

ఇందు ఆతని దోషమును దాచుట న్యాయము కాదు. ఏమియు పాపమెఱుగని సామాన్యులను సైతము ఆతడు ఒక్కొక్కప్పుడు నొప్పించెను. నలుగురిలో మాటలాడుటకు ధైర్యము కూడగట్టుకొని ఫోను చేసినవానిని ఎగతాళి చేయుట శూరత్వము కాదు. శ్రోతలు పెరుగుటకు కలహము ఉపయోగపడుననియు, శ్రోతలు పెరిగిన ప్రకటనల ఆదాయము పెరుగుననియు కేంద్రముల యజమానులకు తెలియును, బెర్గునకును తెలియును. కోపమును అమ్ముకొను అంగడి అది. అయినను ఆ అంగడిలో ఆతడొక నియమమును పాటించెను. తనను నిందించు ఫోనులను దాచి, పొగడు ఫోనులను మాత్రమే వినిపించలేదు. శత్రువునకు ముందు మాట యిచ్చి తరువాత కలహించెను. అందుచేతనే డెన్వరు నగరమున మిక్కిలి ప్రీతిపాత్రుడును, మిక్కిలి ద్వేషపాత్రుడును ఆతడే యని చెప్పుకొనిరి.

ఆతని ఉద్యోగము ఒకచోట నిలువలేదు. ఒక కేంద్రమువారు తొలగింపగా మునుపటి కేంద్రమునకు తిరిగివచ్చెను. ఆ కేంద్రము మాటలను మాని సంగీతమునకు మరలగా ఆతడు మరల వీధిన బడెను. 1981 ఫిబ్రవరిలో కె.ఓ.ఏ. అను పెద్ద కేంద్రము ఆతనిని చేర్చుకొనెను. అది 50,000 వాట్ల శక్తి గలది. రాత్రివేళ దాని ధ్వని 30కి పైగా రాష్ట్రములలో వినబడెడిది. ఒక నగరపు జగడగొండి మాట ఇట్లు కొండలు, ఎడారులు దాటి పోయెను. ఎచ్చట ఎవరు పండ్లు కొఱుకుచు వినుచుండిరో ఆతడెఱుగడు.

ఆ వినువారిలో కొందఱు ఫోను చేయక ఆయుధములు సమకూర్చుకొనుచుండిరి. 1983లో రాబర్ట్ మాథ్యూస్ అనువాడు వాషింగ్టన్ రాష్ట్రమున ఒక రహస్య ముఠాను స్థాపించెను. దాని పేరు ది ఆర్డర్. అమెరికా తెల్లజాతివారి సొత్తనియు, యూదులు దానిని కాజేసిరనియు, ప్రభుత్వమును కూలద్రోయవలెననియు వారి వెఱ్ఱి విశ్వాసము. దొంగనోట్లు అచ్చువేసిరి, బ్యాంకులను, ధనము తరలించు బండ్లను దోచిరి. చంపవలసినవారిగా వారు తలచిన వారిలో బెర్గు ఒకడు. ఆతడు అధికారి కాడు, ధనికుడు కాడు, సేన గలవాడు కాడు. యూదుడై యుండి, నోరు మూసికొనక, తమవంటివారిని నలుగురిలో నవ్వులపాలు చేసెననుటయే ఆతని నేరము.

1984వ సంవత్సరము జూన్ 18వ తేదీ రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు బెర్గు తన మాజీ భార్యతో భోజనము చేసి ఇంటికి తిరిగివచ్చెను. వివాహము రద్దయినను వారి స్నేహము చెడలేదు. ఇంటి ముంగిట కారు దిగుచుండగా, చీకటిలో పొంచియున్నవాడు తుపాకితో వరుసగా కాల్చెను. పదికి పైగా తూటాలు తగిలి బెర్గు అక్కడనే కూలెను. అప్పటికి ఆతని వయస్సు 50 సంవత్సరములు. ఎదుటివానికి మాట యందించుటయే వృత్తిగా గలవానికి, చంపవచ్చినవారు ఒక్క మాటకైన తావీయలేదు.

ఆ యేడే అక్టోబరు మాసమున ఐడహో రాష్ట్రమున ముఠాలోని ఒకని ఇంట సోదా చేయగా ఆ తుపాకి పట్టుబడెను. డిసెంబరు 8వ తేదీన ఒక ద్వీపమున రక్షకభటులు ముట్టడించినప్పుడు మాథ్యూస్ తానున్న ఇల్లు తగులబడగా అందులోనే మరణించెను. మిగిలినవారు ఒక్కరొక్కరుగా చిక్కిరి. 1987లో డెన్వరులో జరిగిన విచారణయందు, కాల్చినవాడని నిందింపబడిన బ్రూస్ పియర్స్, కారు నడిపినవాడని నిందింపబడిన డేవిడ్ లేన్ దోషులని తేలిరి. మఱి యిద్దరు నిర్దోషులుగా విడువబడిరి. ఇందొక విశేషము కలదు. వారికి శిక్ష హత్యానేరము క్రింద పడలేదు. బెర్గు పౌరహక్కులను హరించిన నేరము క్రింద పడెను. ఒక మనుష్యుడు తన జాతి కారణమున హింసింపబడక తన వృత్తిని తాను చేసికొని బ్రదుకు హక్కును వారు అపహరించిరని న్యాయస్థానము నిర్ణయించెను. ఒక్కొక్కనికి 150 సంవత్సరముల కారాగారము విధింపబడెను. లేన్ 2007లోను, పియర్స్ 2010లోను చెఱలోనే మరణించిరి.

బెర్గు కథను ఆధారముగా గొని స్టీఫెన్ సింగ్యులర్ అను పత్రికారచయిత 1987లో గ్రంథము వ్రాసెను. 1988లో ఆలివర్ స్టోన్ టాక్ రేడియో అను చలనచిత్రమును తీసెను. అదే కాలమున ఆ దేశపు రేడియోలో ఒక పెద్ద మార్పు వచ్చెను. వివాదాస్పదమైన ప్రజావిషయమును ప్రసారము చేయువారు ఎదుటి పక్షమునకును చోటీయవలెనని 1949 నుండి యున్న నియమమును ప్రభుత్వ సంఘము 1987లో రద్దుచేసెను. ఆ పిమ్మట ఒకే పక్షమును నిత్యము వినిపించు వ్యాఖ్యాతలు దేశమంతట వెలసిరి. ఇరుపక్షముల కలహము పోయి, తమవారి మాటను తామే వినుకొను కాలము వచ్చెను. మన చేతిలోని ఫోనులు నేడు మనకు చేయుచున్నదియు ఇదియే గదా.

బెర్గు జీవితము చదివినప్పుడు నాకు రెండు విషయములు తోచినవి. మాట కఠినమైనచో దానిని మృదువుగా చెప్పుట నేర్వవలెను. ఇది ఆతడు నేర్వని పాఠము. ఎంత కఠినమైన మాటకైనను బదులు మాటయే గాని వేఱొకటి కాదు. ఇది ఆతనిని చంపినవారు నేర్వని పాఠము. మొదటి దానిని నేర్వనివాడు ఇతరుల మనస్సును నొప్పించును. రెండవ దానిని నేర్వనివాడు ఇతరుల ఇల్లు కూల్చును. ఈ రెండు తప్పులను ఒకే త్రాసున తూచరాదు.

తుదకు నా తప్పు నొకటి ఒప్పుకొని ముగించెదను. కొన్నియేండ్ల క్రిందట, ఎన్నికల దినములలో, మన పఠనమందిరమున నాకు గిట్టని పక్షపు పత్రికను ఒకరు బిగ్గరగా చదువుచుండగా, నేను సైపలేక ఆ పత్రికను చేతినుండి లాగి చింపివేసితిని. పిమ్మట రెండు మాసములు ఇటు అడుగిడలేదు. మరల వచ్చిన దినమున గ్రంథపాలకుడు నన్నేమియు అనలేదు. బల్లమీద రెండు పక్షముల పత్రికలను ప్రక్కప్రక్కన పరచి, నా కుర్చీని చూపెను. ఆ చదువరియు కొంచెము జరిగి నాకు చోటిచ్చెను. నేటికిని మా యిద్దరి పక్షములు వేఱు, బల్ల యొక్కటే.

ఈ 25 సంవత్సరములలో మన గ్రంథాలయమునకు ఎన్ని పుస్తకములు చేరినవో లెక్కలు ఈ సంచికలో వేఱుగా కలవు. ఆ లెక్కకు రానిది ఈ బల్ల. దానిచుట్టు వాదము చేయువారు తఱుగకుందురు గాక, అలిగి పోయినవారు మరల వత్తురు గాక యని ప్రార్థించుచు, పాఠక మహాశయులకు నమస్కరించి విరమించుచున్నాను.