ఇందిరమ్మ మన ఎం.పి.గా ఉన్న రోజులు

జహీరాబాద్: హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డున వంద కిలోమీటర్లు వస్తే జహీరాబాదు. ఎర్రనేలలు, నల్లరేగళ్లు పక్కపక్కనే ఉన్న ప్రాంతం. జొన్న, కంది, శనగ, చెరకు, అల్లం, ఆలుగడ్డ ఇక్కడి పంటలు. సంతకు పోతే తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. 1980 జనవరిలో ఈ పల్లెల ప్రజలు వేసిన ఓటు ఢిల్లీ గద్దెపై ఒక ప్రధానమంత్రిని కూర్చోబెట్టింది. అప్పట్లో ఓటుకు 21 ఏళ్లు నిండాలి కనుక నాడు ఆమెకు ఓటు వేసినవారందరూ ఇప్పుడు అరవై అయిదు దాటినవారే. ఆ అభ్యర్థిని శ్రీమతి ఇందిరా గాంధీ.

ఆమె 1917 నవంబరు 19న అలహాబాదులోని ఆనందభవనంలో పుట్టారు. తాత మోతీలాల్, తండ్రి జవహర్‌లాల్ తరచు జైళ్లలో ఉండడం వల్ల బాల్యం ఒంటరిగానే గడిచింది. తల్లి కమల క్షయవ్యాధితో 1936లో కన్నుమూశారు. శాంతినికేతనంలో కొంతకాలం, ఆక్స్‌ఫర్డులో కొంతకాలం చదివినా పట్టా పుచ్చుకోలేదు. 1942లో ఫిరోజ్ గాంధీని వివాహమాడారు. ఆ ఏడే క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి నైనీ జైలులో ఉన్నారు. 1959లో కాంగ్రెస్ అధ్యక్షురాలు, 1964లో సమాచార మంత్రి, 1966 జనవరి 24న ప్రధానమంత్రి అయ్యారు.

1969లో 14 బ్యాంకులను జాతీయం చేయడం, రాజభరణాలు రద్దు చేయడం, 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో గెలవడం ఆమె పేరును మారుమూల పల్లెకు కూడా చేర్చాయి. అయితే ఆ యుద్ధానికి ముందే జరిగిన 1971 ఎన్నికల్లో మెదక్ ప్రజలు ఆమె పార్టీని గెలిపించలేదు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడి చల్లారని రోజులవి. తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజాసమితికి దక్కగా, మెదక్ వాటిలో ఒకటి. ఇక్కడ గెలిచిన మల్లికార్జున్ తర్వాత కాంగ్రెస్‌లో చేరి 1977లో మళ్లీ నెగ్గారు.

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు రాయ్‌బరేలీలో ఆమె ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పింది. రెండు వారాలు తిరగకముందే దేశంలో ఎమర్జెన్సీ విధించారు. ప్రతిపక్ష నాయకులు జైళ్ల పాలయ్యారు. పత్రికల నోరు నొక్కారు. ఉత్తరాదిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జనం గుండెల్లో భయం నింపాయి. ఫలితంగా 1977లో ఆమె రాయ్‌బరేలీలో రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. ఆమె ఆపదలో దక్షిణాది వైపు చూడడానికి కారణమిదే. 1978 నవంబరులో కర్ణాటకలోని చిక్‌మగళూరు నుంచి ఉప ఎన్నికలో నెగ్గారు. ఆ సభ్యత్వాన్నీ లోక్‌సభ మరుసటి నెలలోనే రద్దు చేసింది.

జనతా ప్రభుత్వం కూలి మధ్యంతర ఎన్నికలు వచ్చినప్పుడు ఆమె రెండు చోట్ల నిలబడ్డారు. ఒకటి పాత రాయ్‌బరేలీ, రెండవది మన మెదక్. జహీరాబాద్ శాసనసభ స్థానం అప్పుడు మెదక్ లోక్‌సభ కిందనే ఉండేది. మల్లికార్జున్ ఈ సీటు వదిలి మహబూబ్‌నగర్‌కు మారారు. జనతా పార్టీ తరఫున ఎస్. జైపాల్‌రెడ్డి పోటీకి దిగారు. ఎమర్జెన్సీని నిరసించి కాంగ్రెస్‌ను వీడిన నాయకుడాయన. అప్పుడు కల్వకుర్తి శాసనసభ్యులు. పోలియో సోకిన కాళ్లతో చంకకర్రల సాయంతో నడుస్తూ ప్రధానిగా పనిచేసిన వ్యక్తితో తలపడ్డారు. నిజానికి ఇద్దరూ ఈ జిల్లాకు కొత్తవారే.

కొత్త నియోజకవర్గాన్ని తెలుసుకోవడానికి ఇందిరమ్మకు దొరికిన వ్యవధి అతి తక్కువ. దేశమంతా సుడిగాలిలా తిరుగుతున్న ఆమె ఒక్క మెదక్‌లోనే కూర్చోవడం సాధ్యం కాదు. ఊరూరా ఆమె మాట మోసింది స్థానిక నాయకులు, కార్యకర్తలే. గుర్తు విషయంలోనూ చిక్కుంది. జనానికి మొదట కాడి ఎద్దులు, తర్వాత ఆవు దూడ అలవాటు. కొత్తగా వచ్చిన చెయ్యి గుర్తుకు లోక్‌సభ సార్వత్రిక ఎన్నికల్లో అదే మొదటి పరీక్ష.

అయితే ఈ నేల ఆమెకు పూర్తిగా తెలియనిదీ కాదు. 1975 జనవరిలో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన కేంద్రానికి శంకుస్థాపన చేసింది ఆమే. అక్కడ పరిశోధన జరిగేది జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద. అంటే జహీరాబాదు, నారాయణఖేడ్ మెట్ట రైతు వానను నమ్ముకుని వేసే పంటల మీదనే.

జనవరి 3, 6 తేదీల్లో పోలింగు జరిగింది. మెదక్‌లో ఆమెకు రెండు లక్షలకు పైగా ఆధిక్యత వచ్చింది. రాయ్‌బరేలీలోనూ గెలిచారు. రెండింటిలో ఒకటి వదులుకోవలసి వచ్చినప్పుడు సొంత రాష్ట్రంలోని రాయ్‌బరేలీని వదిలి మెదక్‌ను ఉంచుకున్నారు. జనవరి 14న ప్రధానిగా ప్రమాణం చేశారు. తెలుగు నేల నుంచి లోక్‌సభకు వెళ్లిన సభ్యులు ప్రధాని కావడం అదే మొదటిసారి.

ప్రధానమంత్రే తమ ఎం.పి. అయినప్పుడు ప్రజల ఆశలకు హద్దుండదు. కొన్ని నెరవేరాయి. 1984 జూలైలో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి ఆమె పునాదిరాయి వేశారు. సైన్యానికి అవసరమైన యుద్ధ వాహనాలు అక్కడ తయారయ్యాయి. 2008లో హైదరాబాద్ ఐ.ఐ.టి. మొదట తరగతులు పెట్టింది ఆ కర్మాగారం ఆవరణలోనే. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఫ్యాక్టరీలు బారులు తీరాయి. ఉపాధితోపాటు నక్కవాగు కాలుష్యమూ అక్కడి పల్లెలకే వచ్చింది.

ఆ లాభమంతా ఎక్కువగా హైదరాబాదుకు దగ్గరున్న తాలూకాలకే అందిందన్నది కాదనలేని మాట. జహీరాబాదు, నారాయణఖేడ్ రైతు కోరింది నీళ్లు. మంజీర మీద సింగూరు ఆనకట్ట పూర్తయినా ఆ నీళ్లు ముందు పోయింది రాజధాని దాహం తీర్చడానికి. ఈ మెట్టప్రాంతాలకు సింగూరు నీళ్లు ఎత్తిపోసే సంగమేశ్వర, బసవేశ్వర పథకాలకు శంకుస్థాపన జరగడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది. ప్రధాని ఎం.పి.గా ఉండడం వేరు, ఎం.పి. ఊళ్లో దొరకడం వేరని ఈ ప్రాంతం ఆ రోజుల్లోనే గ్రహించింది.

1984 అక్టోబరు 31న ఢిల్లీలో సొంత అంగరక్షకుల తూటాలకు ఇందిరమ్మ బలైనప్పుడు ఆమె మెదక్ లోక్‌సభ సభ్యురాలే. దేశమంతా సానుభూతితో కాంగ్రెస్‌కు ఓటు వేసిన డిసెంబరు ఎన్నికల్లో ఆమె సీటు మెదక్ మాత్రం తెలుగుదేశం అభ్యర్థి పి. మాణిక్‌రెడ్డిని గెలిపించింది. 1989లో జహీరాబాదుకు చిరకాలం శాసనసభ్యులుగా ఉన్న ఎం. బాగారెడ్డిని లోక్‌సభకు పంపింది. పల్లెపల్లె తెలిసిన ఆయనను ఆ తర్వాతా గెలిపిస్తూ వచ్చింది.

2009 నుంచి జహీరాబాదు పేరుతోనే లోక్‌సభ స్థానం ఏర్పడింది. జహీరాబాద్, నారాయణఖేడ్, అందోల్‌తోపాటు కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్ దీని కిందికి వచ్చాయి. ఒక కొస బీదరు సరిహద్దు, ఇంకో కొస మహారాష్ట్ర సరిహద్దు. ఇక్కడికి కొత్తగా వచ్చే అభ్యర్థి ఏ పార్టీ వారైనా ఇందిరమ్మ ఎన్నిక కథ ఒకసారి వినడం మంచిది. పెద్ద పేరుకు ఈ ప్రజలు రెండు లక్షల ఆధిక్యత ఇచ్చారు. అయిదేళ్లు తిరగకుండానే ఆ పేరు మీద వచ్చిన సానుభూతిని కూడా పక్కన పెట్టి తమ లెక్క తాము చూసుకున్నారు.