సిగ్గును జయించిన బోధకుడు: చార్లెస్ ఫిన్నీ

పాపము చేయుట మానవ సహజము. చేసిన పాపమును దాచుకొనుట అంతకంటెను సహజము. నలుగురు చూతురను సిగ్గు మనలను కొన్ని తప్పుల నుండి కాపాడును. గాని తప్పు జరిగిన పిమ్మట ఆ సిగ్గే మన నోరు నొక్కివేయును. దేవుని యెదుట ఒప్పుకొనవలసిన మాటను లోకులకు వెరచి మ్రింగుకొందుము. ఈ సంకటమును స్వయముగా అనుభవించి, దానినుండి బయటపడి, పిమ్మట వేలమందికి దారి చూపినవాడు అమెరికా దేశపు సువార్త బోధకుడు చార్లెస్ గ్రాండిసన్ ఫిన్నీ. ఈ సంచికను చదువు హిందూ, క్రైస్తవ కుటుంబముల వారందరికిని ఆయన జీవితము ఆలోచింపదగినది.

ఫిన్నీ 1792వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమందలి వారెన్ అను ఊరిలో జన్మించెను. ఆయన చిన్నతనముననే తలిదండ్రులు న్యూయార్క్ రాష్ట్రమున అప్పుడప్పుడే అడవులు కొట్టి ఊళ్లు కట్టుకొనుచున్న సీమకు వలసపోయిరి. ఫిన్నీ కొంతకాలము బడిపంతులుగా పనిచేసి, 1818లో ఆడమ్స్ అను ఊరిలో బెంజమిన్ రైట్ అను న్యాయవాది వద్ద న్యాయశాస్త్రము నేర్చుకొనుటకు చేరెను. సంగీతమునందు ప్రవీణుడగుటచే చర్చిలో గాయకబృందమును నడిపెడివాడు. గాని మనస్సున విశ్వాసము లేదు.

న్యాయశాస్త్ర గ్రంథములలో మోషే ధర్మశాస్త్రపు ప్రస్తావన తరచు కనబడుటచే ఆయన ఒక బైబిలు కొనెను. అది న్యాయగ్రంథముల నడుమ బల్లపైన అందరికిని కనబడునట్లే ఉండెడిది. ఎప్పుడైతే తన ఆత్మరక్షణ కొరకు దానిని శ్రద్ధగా చదువ మొదలిడెనో, అప్పటినుండి దానిని దాచసాగెను. ఎవరైన లోనికి వచ్చినచో దానిపై న్యాయగ్రంథములు పడవేసెడివాడు. ప్రార్థన చేయుటకు ముందు తలుపుయొక్క తాళపు రంధ్రమును మూసి, పిమ్మట గుసగుసగా ప్రార్థించెడివాడు. దేవుడు వినవలెనని కోరుచు, మనుష్యులు వినకూడదని జాగ్రత్తపడుట ఎంత విచిత్రము!

1821 అక్టోబరు 10వ తేదీ ఉదయము ఆయన కచేరికి పోవుచు దారి మార్చి, ఊరి వెలుపలి అడవిలోనికి నడచెను. ఎవరి కంటనైన పడుదునేమో యని కంచె మాటున నక్కుచు పోయెను. పడియున్న చెట్ల నడుమ మోకాళ్లూనెను గాని నోట మాట రాలేదు. ఆకులు గలగలమనినప్పుడెల్ల ఎవరో వచ్చుచున్నారని తల ఎత్తి చూచుచుండెను. అంతలో తన స్థితి తనకే తేటపడెను. తనవంటి పాపియొకడు చూచునేమో యని, పరిశుద్ధుడగు దేవుని యెదుట మోకరించుటకు తాను సిగ్గుపడుచున్నాడు. తన పాపములన్నిటిలో ఈ గర్వమే పెద్దదిగా ఆయనకు తోచెను. అప్పుడు బిగ్గరగా ఏడ్చి, లోకమంతయు వచ్చి చుట్టు నిలిచినను అక్కడనుండి లేవనని నిశ్చయించుకొని ప్రార్థించెను. మనస్సునకు శాంతి కలిగెను. మరునాడు తన వ్యాజ్యము నిమిత్తము వచ్చిన ఒక సంఘపెద్దతో, ఇకమీదట తాను క్రీస్తు పక్షముననే వాదింతునని చెప్పి ఆ వ్యాజ్యమును వదలుకొనెను.

క్రైస్తవ మతములో రక్షణ యనునది మన పుణ్యకార్యములకు కూలిగా దొరకునది కాదు. పాపి తన పాపమును ఒప్పుకొని, క్రీస్తును విశ్వసించి, ఉచితముగా పొందు కృప అది. ఫిన్నీ దీనికి మరియొక మాట చేర్చెను. పశ్చాత్తాపపడుట మనుష్యుని చేతనైన పనియే గనుక రేపటికి వాయిదా వేయరాదని ఆయన బోధ.

1824లో ఆయన ప్రెస్బిటేరియన్ సంఘమున బోధకుడుగా అభిషేకము పొందెను. 1826లో యుటికా పట్టణమున గొప్ప ఉజ్జీవము కలిగెను. ఆ సంవత్సరమే శరదృతువున ట్రాయ్ పట్టణమునకు వచ్చెను. ట్రాయ్ న్యూయార్క్ రాష్ట్రమున హడ్సన్ నదికి తూర్పు గట్టున ఉన్నది. 1825లో ఈరీ కాలువ పూర్తియగుటచే అక్కడ వర్తకము పెరుగుచుండెను. మొదటి ప్రెస్బిటేరియన్ సంఘపు కాపరి నేథన్ బీమన్ ఆయనను ఆదరించెను. ఫిన్నీ కాగితము చూడక, న్యాయస్థానమున జూరీ యెదుట వాదించునట్లు ప్రసంగించెడివాడు. పాపులు అని ఎవరినో చెప్పినట్లు గాక, ఎదుట కూర్చున్నవారినే ఉద్దేశించి మాటలాడెడివాడు. అనేకులు మారుమనస్సు పొందిరి, అనేకులు కోపించిరి. సంఘము రెండుగా చీలెను. బీమన్‌పై ఆరోపణలు వచ్చెను. స్త్రీలు పురుషులున్న సభలో ప్రార్థించుట, పేరు పెట్టి ఒకరికొరకు ప్రార్థించుట మొదలగు క్రొత్త పద్ధతులను గూర్చి 1827 జూలైలో న్యూ లెబనాన్ అనుచోట పెద్దలు కూడి తర్కించిరి. ఫిన్నీ అక్కడ ఓడిపోలేదు.

1830లో రోచెస్టర్ పట్టణమున ఆయన సభ ముందర కొన్ని ఆసనములు విడిచిపెట్టించి, మారుమనస్సు కోరువారు లేచివచ్చి అందు కూర్చుండవలెనని పిలిచెను. గౌరవస్థులు సిగ్గుచే తమ మనోవేదనను దాచుకొందురని, ఆ సిగ్గు తెగినగాని హృదయము లొంగదని ఆయన తలంపు. తన తాళపు రంధ్రపు కథను ఆయన మరచిపోలేదని మనకు తోచును. అయితే లేచి నడచుటనే రక్షణయని జనులు భ్రమింతురని విమర్శించినవారును కలరు. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. ఆవేశమున వచ్చినవారు కొందరు చల్లబడిరని గ్రహించి, ఫిన్నీయే పిమ్మట పరిశుద్ధ జీవనమును గూర్చి ఎక్కువగా బోధించెను.

మారిన మనస్సు నడతలో కనబడవలెను గదా! న్యూయార్క్ నగరమున కాపరిగా నుండగా ఫిన్నీ బానిసల యజమానులకు ప్రభురాత్రి భోజన సంస్కారమును నిరాకరించెను. 1835లో ఓబర్లిన్ విద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆ విద్యాలయము నల్లజాతి విద్యార్థులను, స్త్రీలను చేర్చుకొనెను. 1851 మొదలు 1866 వరకు ఆయన దానికి అధ్యక్షుడు. 1875 ఆగస్టు 16న ఓబర్లిన్‌లో పరమపదించెను.

ట్రాయ్ పట్టణము సంగతి మరియొకటి చెప్పవలెను. 1860 ఏప్రిల్ 27న, వర్జీనియా నుండి పారిపోయి వచ్చి అక్కడ బండి తోలుకొని బ్రతుకుచున్న చార్లెస్ నాల్ అను బానిసను అధికారులు పట్టుకొనిరి. హేరియట్ టబ్మన్ అను వీరనారియు, పట్టణ ప్రజలును గుంపుగా వచ్చి ఆయనను విడిపించిరి. నాల్ అంతవరకు తాను బానిసనన్న మాట దాచుకొని బ్రతికెను. గాని సిగ్గుపడవలసినవాడు ఎవరు? బానిసయా, బానిసను కొన్నవాడా?

ఆ సంవత్సరమే నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి మన పూర్వులను తీసికొని డర్బన్ రేవు చేరెను. ఒప్పందపు కూలీలకు ఒక్కొక్కరికి ఒక సంఖ్య యిచ్చి చెరకు తోటలకు పంపిరి. నా చిన్ననాట ఆ సంఖ్యల మాట ఎత్తగానే పెద్దలు మాట మార్చెడివారు. కూలి చేయుట పాపము కాదు. మోసపోవుట పాపము కాదు. మరి మన యిండ్లలో త్రాగుడు, భార్యను కొట్టుట, కులము పేరిట తోటివానిని తక్కువ చూచుట కలవు. ఇవి దాచదగినవి కావు, ఒప్పుకొని విడువదగినవి. సిగ్గుపడనక్కరలేని దానికి సిగ్గుపడుచు, పడవలసినదానిని గడప లోపల మూసిపెట్టుకొనుట మన పొరపాటు.

1903లో నెల్లూరు సీమనుండి తెలుగు బాప్టిస్టుల పక్షమున జాన్ రంగయ్యగారు నాటాలునకు వచ్చి, తోటలలోని మనవారికి మన భాషలో ఈ విశ్వాసమునే బోధించిరి. ఆ సంఘముల వారును, దేవాలయమున దీపము వెలిగించు మనమును, ఒక్క ఓడల బిడ్డలము. దేవుని ఏ పేరున పిలిచినను, ఆయన యెదుట తాళపు రంధ్రము మూయ పనిలేదని ఫిన్నీ జీవితము మనకు నేర్పుచున్నది.